మామిడి కాలంలో కాటా ఆగకూడదు: వర్చువల్ గెస్టుల్లో ప్యాకేజీల నిర్వహణ అమర్చుకునే విధానం

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు జూన్, జూలై నెలల్లో పగలూ రాత్రీ తేడా ఉండదు. తోతాపురి కాయలు నింపుకొన్న ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉంటాయి. కాటా దగ్గర కంప్యూటర్ బరువు నమోదు చేసి చీటీ ఇస్తేనే ముందున్న బండి కదులుతుంది. ఆ చీటీల డేటాబేస్ ఉన్న వర్చువల్ సర్వర్ ఉదయం ఆరున్నరకు, ఎవరూ చెప్పకుండానే, ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) అప్‌డేట్ చేసుకొని డేటాబేస్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టిందనుకోండి. పని అరనిమిషందే. అప్పుడు కాటా మీదున్న బండి బరువు ఎక్కిందో లేదో తేల్చడానికి అరగంట పడుతుంది, వెనక నిలబడ్డ రైతుల మాటలు మాత్రం సాయంత్రం దాకా పడాలి. తిరుపతి లాడ్జీ యజమానులకు ఇదే బెడద బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి వస్తుంది.

కాబట్టి ఏ గెస్ట్ (భౌతిక సర్వర్ మీద నడిచే వర్చువల్ యంత్రం) ఏ ప్యాకేజీలను, ఎక్కడి నుంచి, ఏ రోజున తెచ్చుకోవాలో నిర్ణయించాల్సింది మీరే. ఆ నిర్ణయాన్ని డీఫాల్ట్ అమరికలకు వదిలేస్తే అవి మీ సీజను చూడవు.

ఉదాహరణకు ఒక చిన్న ఆఫీసు తీసుకుందాం. ఒకే భౌతిక సర్వర్ (దీన్నే హోస్ట్ అంటాం), దాని మీద డెబియన్ 12 అనే లినక్స్, వర్చువల్ యంత్రాలను నడిపే కేవీఎం, వాటిని నిర్వహించే లిబ్‌వర్ట్. ఆ హోస్ట్ మీద ఆరు గెస్టులు: కాటా, ఖాతాలు, ఫైళ్లు, వెబ్, బ్యాకప్, పరీక్ష. వెబ్ ఒక్కటే ఉబుంటు 24.04, మిగిలినవన్నీ డెబియన్ 12. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఎప్పటిలాగే ఆంగ్ల అక్షరాల్లో, రూట్ హక్కులతో ఇవ్వాలి.

1. గెస్ట్‌ను సన్నగా మొదలుపెట్టండి

ప్యాకేజీ ఎంత తక్కువగా ఉంటే అప్‌డేట్ అంత తక్కువ. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెస్క్‌టాప్, ప్రింట్ సర్వర్ లాంటివన్నీ తీసేసి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ (దూరం నుంచి లాగిన్ కావడానికి), సిస్టమ్ యుటిలిటీలు మాత్రమే ఉంచండి. గెస్ట్‌కు ఫర్మ్‌వేర్ ప్యాకేజీలతో పని లేదు. అది చూసే నెట్‌వర్క్ కార్డు, డిస్క్ రెండూ విర్ట్‌ఐఓ రూపంలో ఉన్న ఊహా పరికరాలే. డెబియన్‌లో వర్చువల్ యంత్రాల కోసమే తయారుచేసిన ‘లినక్స్-ఇమేజ్-క్లౌడ్-ఏఎండీ64’ అనే చిన్న కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఉంది. ఉబుంటులో దానికి సాటి ‘లినక్స్-ఇమేజ్-వర్చువల్’. ఇవి వేసుకుంటే డౌన్‌లోడ్ తగ్గుతుంది, బూట్ విభాగం త్వరగా నిండిపోదు.

కాటా గెస్ట్‌కు మాత్రం ఈ సలహా వర్తించదు. వేబ్రిడ్జి ఇండికేటర్ నుంచి వచ్చే సీరియల్ తీగను యూఎస్‌బీ కన్వర్టర్ ద్వారా హోస్ట్‌కు తగిలించి, అక్కడి నుంచి గెస్ట్‌కు అప్పగించి ఉంటారు. క్లౌడ్ కెర్నెల్‌లో భౌతిక పరికరాల డ్రైవర్లు చాలావరకు తీసేసి ఉంటాయి. కెర్నెల్ మార్చి రీబూట్ చేశాక బరువు తెర మీదికి రాకపోతే, తీగనూ ఇండికేటర్‌నూ అనుమానిస్తూ కూర్చుంటారు. ఆ ఒక్క గెస్ట్‌లో మామూలు కెర్నెలే ఉంచండి.

అన్ని గెస్టుల్లోనూ ‘కెమూ-గెస్ట్-ఏజెంట్’ ప్యాకేజీ వేయండి. హోస్ట్ అడిగినప్పుడు గెస్ట్ తన ఫైల్ సిస్టమ్‌ను క్షణం పాటు స్తంభింపజేసేది దీని సాయంతోనే. స్నాప్‌షాట్ల (గెస్ట్ ఒక క్షణాన ఉన్న స్థితిని దాచే నకళ్ల) దగ్గర ఇది అవసరమవుతుంది.

2. మూసను నకలు తీసే ముందు శుభ్రం చేయండి

ఒక గెస్ట్‌ను సిద్ధం చేసుకొని దాన్నే ఆరుగా నకలు తీయడం అందరూ చేసే పనే. అయితే నకళ్లన్నింటిలో ఒకే మెషీన్-ఐడీ (యంత్రం గుర్తింపు సంఖ్య), ఒకే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ తాళాలు (యంత్రాన్ని గుర్తించే కీలు) ఉండిపోతాయి. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను నడిపేది) నెట్‌వర్క్ సేవ, ఐపీ చిరునామా అడగడానికి వాడే డీహెచ్‌సీపీ గుర్తింపును ఈ మెషీన్-ఐడీ నుంచే తయారుచేసుకుంటుంది కాబట్టి రెండు గెస్టులు ఒకే ఐపీ చిరునామా కోసం పోట్లాడుకుంటాయి.

మూస గెస్ట్‌ను ఆపేసి, హోస్ట్ మీద ‘వర్ట్-సిస్‌ప్రెప్ -డీ మూస’ అని ఇవ్వండి. లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ పరికరాల్లో భాగమైన ఈ ఆదేశం మెషీన్-ఐడీ, తాళాలు, లాగ్‌లు, ప్యాకేజీ కాష్ అన్నీ తుడిచేస్తుంది. నడుస్తున్న గెస్ట్ మీద దీన్ని ప్రయోగించారంటే డిస్క్ పాడయ్యే ప్రమాదం ఉంది, ఆపిన తర్వాతే ఇవ్వాలి.

ఇక్కడ డెబియన్‌లో ఒక మెలిక ఉంది. తుడిచేసిన ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు బూట్ అయినప్పుడు వాటంతట అవి మళ్లీ పుట్టవు. నకలు లేస్తుంది, పింగ్‌కు బదులిస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం రాదు. అందుకే సిస్‌ప్రెప్ ఆదేశానికే మొదటి బూట్‌లో ‘డీపీకేజీ-రీకాన్ఫిగర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్’ నడిచేలా ‘--ఫస్ట్‌బూట్-కమాండ్’ జోడించండి.

3. ఒకసారి దించుకుంటే అందరికీ: హోస్ట్ మీద కాష్

ఊరి బయట ఫ్యాక్టరీలకు వచ్చే ఇంటర్నెట్ లైను సంగతి చెప్పనక్కర్లేదు. అయిదు డెబియన్ గెస్టులు ఒకే కెర్నెల్ ప్యాకేజీని అయిదుసార్లు బయటి నుంచి దించుకోవడం శుద్ధ దండగ. ప్యాకేజీలు తెచ్చి అమర్చే ఆదేశం ఆప్ట్. హోస్ట్ మీద ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆప్ట్-కేచర్-ఎన్‌జీ’ అని ఇవ్వండి. ఇది 3142 పోర్టు మీద వింటుంది. దించిన ప్రతి ప్యాకేజీనీ దాచి, రెండోసారి అడిగినవారికి అక్కడి నుంచే ఇస్తుంది. హోస్ట్ మీద అదనంగా ఏదీ పెట్టకూడదని వాదించేవారు ఉన్నారు, పెద్ద డేటా సెంటర్లకు ఆ వాదన సబబే. ఇంత చిన్న చోట కాష్‌ను ఒక గెస్ట్‌లో పెడితే, ఆ గెస్ట్ ఆగిన రోజు మిగతా అయిదింటికీ ఆప్ట్ పనిచేయదు.

లిబ్‌వర్ట్ సొంతంగా ఇచ్చే ‘డీఫాల్ట్’ నెట్‌వర్క్‌లో హోస్ట్ చిరునామా 192.168.122.1. గెస్ట్‌లో ‘/ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డీ/01ప్రాక్సీ’ అనే ఫైలు సృష్టించి ఈ రెండు వరుసలు రాయండి:

ఎక్వైర్::హెచ్‌టీటీపీ::ప్రాక్సీ "హెచ్‌టీటీపీ://192.168.122.1:3142";
ఎక్వైర్::హెచ్‌టీటీపీఎస్::ప్రాక్సీ "డైరెక్ట్";

చివరి సెమికోలన్ మరిస్తే ఆప్ట్ ఫైలును చదవకుండా తప్పు చూపిస్తుంది. రెండో వరుస ఎందుకంటే, హెచ్‌టీటీపీఎస్ మీద నడిచే బయటి రిపాజిటరీల (ప్యాకేజీల గిడ్డంగుల) రాకపోకలు గుప్తంగా ఉంటాయి, వాటి లోపల ఏముందో కాష్‌కు కనిపించదు. దారి చూపకపోతే ఆప్ట్ వాటిని కూడా అదే ప్రాక్సీకి (మధ్యవర్తి సర్వర్‌కు) పంపి, తిరస్కరణ తెచ్చుకుంటుంది.

‘ఉత్త హెచ్‌టీటీపీ మీద ప్యాకేజీలు తెచ్చుకోవడం ప్రమాదం కాదా’ అని చాలామంది అడుగుతారు. ఆప్ట్ భద్రత రవాణా మీద ఆధారపడి లేదు. రిపాజిటరీలోని ‘రిలీజ్’ ఫైలుకు డిజిటల్ సంతకం ఉంటుంది. అందులో ప్యాకేజీల సూచికల హాష్‌లు (ఫైలులోని విషయాన్ని బట్టి లెక్కించే గుర్తులు), ఆ సూచికల్లో ఒక్కో ప్యాకేజీ హాష్ ఉంటాయి. దారిలో ఎవరైనా ఒక్క బైటు మార్చినా లెక్క తప్పుతుంది, ఆప్ట్ ఆ ప్యాకేజీని తీసుకోదు. దారిలో ఉన్నవారికి మీరు ఏ ప్యాకేజీలు దించుకుంటున్నారో కనిపిస్తుంది, ఆ మాట నిజమే.

3142 పోర్టును బయటి నెట్‌వర్క్ కార్డు వైపు ఫైర్‌వాల్‌తో మూసేయండి. కాష్ అమరికలుండే ఏసీఎన్‌జీ.కాన్ఫ్ ఫైలులో ‘బైండ్‌అడ్రస్’తో ఒకే చిరునామాకు కట్టేయవచ్చు గానీ, హోస్ట్ లేచేటప్పుడు గెస్టులను కలిపే వంతెన ఇంటర్‌ఫేస్ కంటే ముందే కాష్ సేవ మొదలైతే ఆ చిరునామా ఇంకా పుట్టి ఉండదు. ఫైర్‌వాలే నయం.

పనిచేస్తోందో లేదో చూడడానికి రెండు గెస్టుల్లో వరుసగా ఒకే ప్యాకేజీ దించండి. రెండోది రెప్పపాటులో వస్తే అమరిక కుదిరినట్టే. లెక్కలు కావాలంటే బ్రౌజర్‌లో అదే చిరునామా, పోర్టుతో ‘ఏసీఎన్‌జీ-రిపోర్ట్.హెచ్‌టీఎంఎల్’ పేజీ తెరవండి. ఉబుంటు వెబ్ గెస్ట్‌కు మాత్రం డెబియన్ ప్యాకేజీలతో పొత్తు లేదు. కాష్‌లో దాని అర దానిదే.

4. రిపాజిటరీల జాబితాలో ‘స్టేబుల్’ అని రాయకండి

సోర్సుల ఫైలులో (రిపాజిటరీల జాబితాలో) విడుదల పేరును ‘బుక్‌వర్మ్’ (డెబియన్ 12 పేరు) అని రాయవచ్చు, ‘స్టేబుల్’ అని కూడా రాయవచ్చు. రెండోది చూడడానికి తెలివైన పనిలా ఉంటుంది. 2025 ఆగస్టు 9న డెబియన్ 13 విడుదలైనప్పుడు ఆ పదం ఒక్కసారిగా కొత్త విడుదలను సూచించడం మొదలుపెట్టింది. అలా రాసుకున్న సర్వర్లలో మామూలు అప్‌డేట్ అనుకొని కొట్టిన ఆదేశం ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్నీ తర్వాతి విడుదల వైపు లాగవచ్చు. అదే తేదీ జూన్‌లో వచ్చి ఉంటే గేటు దగ్గర ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

డెబియన్ గెస్టులన్నింటికీ మూడే రాయండి: ‘బుక్‌వర్మ్’, ‘బుక్‌వర్మ్-అప్‌డేట్స్’, ‘బుక్‌వర్మ్-సెక్యూరిటీ’. విభాగం ‘మెయిన్’ చాలు. ఉబుంటు 24.04లో ఈ వివరాలు ‘సోర్సెస్.లిస్ట్.డీ’ డైరెక్టరీలోని ‘ఉబుంటు.సోర్సెస్’ ఫైలులో కొత్త పద్ధతిలో, ఒక్కో అంశం ఒక్కో వరుసగా ఉంటాయి. పాత ‘సోర్సెస్.లిస్ట్’లో వెతికి లేదని కంగారు పడకండి.

బయటి రిపాజిటరీ తప్పనిసరి అయితే దాని తాళాన్ని ‘/ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్’లో పెట్టి, ఆ రిపాజిటరీ వివరాల్లో ‘సైన్డ్-బై’ వరుసతో దానికే ముడివేయండి. పాత వ్యాసాల్లో కనిపించే ‘ఆప్ట్-కీ యాడ్’ పద్ధతి ఆ తాళానికి అన్ని రిపాజిటరీల మీదా అధికారం ఇచ్చేస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మినవారి తాళంతో సంతకం చేసిన కెర్నెల్‌ను కూడా మీ సర్వర్ నమ్ముతుందన్నమాట. దానితో పాటు ‘ప్రిఫరెన్సెస్.డీ’లో ఆ రిపాజిటరీ ప్రాధాన్యాన్ని 100కు దించండి. మామూలు రిపాజిటరీలకు 500 ఉంటుంది కాబట్టి రెండు చోట్లా ఉన్న ప్యాకేజీ డెబియన్ నుంచే వస్తుంది. ఎక్కడి నుంచి వస్తుందో ‘ఆప్ట్ పాలసీ’ తర్వాత ప్యాకేజీ పేరు ఇచ్చి చూసుకోవచ్చు.

5. అప్‌డేట్‌లకు వారం, వేళ

తనంతట తానే అప్‌డేట్‌లు వేసే ‘అనటెండెడ్-అప్‌గ్రేడ్స్’ ప్యాకేజీ ఉబుంటు సర్వర్‌లో ముందే ఉంటుంది. డెబియన్‌లో లేకపోతే వేసుకొని ‘డీపీకేజీ-రీకాన్ఫిగర్ అనటెండెడ్-అప్‌గ్రేడ్స్’తో ఆన్ చేయాలి. దీన్ని నడిపేది ‘ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్’ అనే సిస్టమ్‌డీ టైమర్. రోజూ ఉదయం ఆరింటికి, గంట లోపు ఏదో ఒక క్షణాన మొదలయ్యేలా దాన్ని అమర్చి ఉంటారు. దానికి ‘పర్సిస్టెంట్’ గుణం కూడా ఉంది: ఆ వేళకు యంత్రం ఆగి ఉంటే, లేచాక తప్పిపోయిన పనిని పూర్తిచేస్తుంది. రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, తెల్లారి ఏడున్నరకు హోస్ట్ లేచిందనుకోండి. ఆరు గెస్టులూ ఒకే గంటలో డిస్క్ మీద పడతాయి. ఒక్కో గెస్ట్‌నూ వేరే యంత్రంగా చూస్తే ఈ చిక్కు కనిపించదు. అందరిదీ ఒకే డిస్క్ అని గుర్తుపెట్టుకుంటే కనిపిస్తుంది.

‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్.టైమర్’ అని ఇచ్చి, టైమర్ విభాగం కింద ముందు ‘ఆన్‌క్యాలెండర్=’ అని ఖాళీ వరుస, దాని కింద మీ వారం, వేళతో మరో వరుస రాయండి. ఖాళీ వరుస పాత వేళను చెరిపేస్తుంది. అది రాయకపోతే పాతది, కొత్తది రెండూ నడుస్తాయి. ‘పర్సిస్టెంట్=ఫాల్స్’ కూడా జోడించండి.

నేను సూచించే వరుస ఇది. పరీక్ష గెస్ట్ మంగళవారం మధ్యాహ్నం, ఖాతాలు, ఫైళ్లు, బ్యాకప్ గురువారం రాత్రి వేర్వేరు గంటల్లో, వెబ్ రోజూ. కాటాకు టైమరే వద్దు, సీజను కాని నెలల్లో మనిషి దగ్గరుండి చేయాలి. పరీక్ష గెస్ట్‌లో కాటాలో ఉన్న ప్యాకేజీలే ఉండాలి, లేకపోతే అది పరీక్షించేది ఏమీ ఉండదు. రెండింటిలోనూ ‘ఆప్ట్-మార్క్ షోమాన్యువల్’ ఇచ్చి, వచ్చిన జాబితాలను పోల్చండి. మనం కోరి వేసిన ప్యాకేజీలను మాత్రమే ఇది చూపిస్తుంది కాబట్టి జాబితా చదవగలిగినంత చిన్నగా ఉంటుంది. ఆరు గెస్టుల జాబితాలనూ బ్యాకప్‌లో దాచుకుంటే, ఏదైనా గెస్ట్ పూర్తిగా పోయినప్పుడు అదే మళ్లీ కట్టుకోవడానికి ఆధారం. మంగళవారానికీ గురువారానికీ మధ్య రిపాజిటరీలోకి కొత్త ప్యాకేజీ వస్తే మీరు పరీక్షించినదీ వేసుకున్నదీ ఒకటి కాకుండా పోతాయన్నది నిజమే. ఏ తేదీ నాటి డెబియన్ రిపాజిటరీనైనా ఉన్నదున్నట్టు ఇచ్చే స్నాప్‌షాట్ సేవ డెబియన్‌కు ఉంది. ఆరు గెస్టుల ఆఫీసుకు అంత హంగామా అవసరం లేదు.

సీజను మొదలయ్యే ముందు, మే నెలలోనే, కాటా గెస్ట్‌ను పూర్తిగా అప్‌డేట్ చేసి, రీబూట్ చేసి, రెండు మూడు రోజులు వాడి చూడండి. ఆ తర్వాత ‘ఆప్ట్-మార్క్ హోల్డ్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-15’ అని డేటాబేస్‌ను, అలాగే కెర్నెల్ ప్యాకేజీని పట్టి ఉంచండి. హోల్డ్‌లో ఉన్నవాటి జోలికి అనటెండెడ్-అప్‌గ్రేడ్స్ కూడా పోదు. అన్నింటినీ ఆపేయాలనే ఆత్రం మాత్రం వద్దు. కాటా గెస్ట్‌కు బయటి నుంచి ఎవరూ రాలేని నెట్‌వర్క్ ఉంది కాబట్టి రెండు నెలలు ఆగగలదు. వెబ్ గెస్ట్‌ను ఇంటర్నెట్‌కు ఎదురుగా పెట్టి భద్రతా అప్‌డేట్‌లు ఆపడం కొరివితో తల గోక్కోవడమే. ఆగస్టు మొదటి వారానికి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి: ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ చూసి, ఒక్కొక్కటీ ‘అన్‌హోల్డ్’ చేయాలి. ఎవరూ విప్పని హోల్డ్ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

‘ఆటోమేటిక్-రీబూట్’ డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, అలాగే ఉంచండి. రీబూట్ కావాలా అన్నది ‘/వార్/రన్/రీబూట్-రిక్వైర్డ్’ ఫైలు ఉందో లేదో చూస్తే తెలుస్తుంది. ఏ సేవలు పాత లైబ్రరీలతోనే నడుస్తున్నాయో ‘నీడ్‌రీస్టార్ట్’ చెబుతుంది.

6. స్నాప్‌షాట్: ఎంతవరకు నమ్మవచ్చు

పెద్ద అప్‌డేట్‌కు ముందు గెస్ట్‌ను ఆపి, ‘వర్ష్ స్నాప్‌షాట్-క్రియేట్-యాజ్’ తర్వాత గెస్ట్ పేరు, స్నాప్‌షాట్ పేరు ఇవ్వండి. డిస్క్ క్యూకౌ2 (ఒక రకం వర్చువల్ డిస్క్ ఫైలు) రూపంలో ఉండాలి, రా రూపంలోని డిస్క్‌కు ఇది కుదరదు. తేడా వస్తే ‘వర్ష్ స్నాప్‌షాట్-రివర్ట్’. అంతా బాగుంటే వారంలోపు ఆ స్నాప్‌షాట్‌ను తీసేయండి. గెస్ట్ ఆపడం కుదరనప్పుడు డిస్క్‌ను మాత్రమే తీసే బయటి స్నాప్‌షాట్‌కు ‘--క్వయెస్’ జోడిస్తే, మొదట్లో వేసిన గెస్ట్ ఏజెంట్ ఫైల్ సిస్టమ్‌ను ఒక్క క్షణం నిలిపి పట్టుకుంటుంది.

మనవాళ్లు స్నాప్‌షాట్ మీద పెట్టుకునే నమ్మకం కాస్త ఎక్కువే. వెనక్కి తిప్పితే పాత ప్యాకేజీలతో పాటు పాత డేటా కూడా వస్తుంది. ఉదయం పదికి అప్‌డేట్ చేసి, మధ్యాహ్నం మూడింటికి తప్పు గుర్తించి వెనక్కి తిప్పితే, ఆ అయిదు గంటల చీటీలు మాయమవుతాయి. రైతు చేతిలో కాగితం ఉంటుంది, కంప్యూటర్‌లో ఆ బండి ఉండదు. ఇది రాకుండా డేటాబేస్ డైరెక్టరీని గెస్ట్‌కు రెండో డిస్క్‌గా వేరుచేసి, స్నాప్‌షాట్ ఆదేశంలో ‘--డిస్క్‌స్పెక్’ ద్వారా ఆ డిస్క్‌కు స్నాప్‌షాట్ వద్దని చెప్పండి. అలా విడదీసినా, తిప్పే ముందు ‘పీజీ_డంప్’ (డేటాబేస్ నకలు) ఒకటి తీసి హోస్ట్ బయట పెట్టుకోండి.

7. తరచూ తగిలే చిక్కులు

‘రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటు కాదు, మరికొన్ని గంటలు ఆగాలి’ అనే అర్థం వచ్చే తప్పు కనిపిస్తే నెట్‌వర్క్‌ను తిట్టకండి, ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కొట్టి గడియారం చూడండి. గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక ఉంటే, హోస్ట్ ఇచ్చిన యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయాన్ని గెస్ట్ భారత కాలమానం అనుకుంటోందన్నమాట. గెస్ట్ నిర్వచనం ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైలులో క్లాక్ ఆఫ్‌సెట్ ‘యూటీసీ’ అని ఉందని, గెస్ట్‌లో ‘ఆర్‌టీసీ ఇన్ లోకల్ టీజడ్: నో’ అని వస్తోందని నిర్ధారించుకోండి. ఇంకేదో తేడా ఉంటే గెస్ట్‌ను సస్పెండ్ చేసి లేపినప్పుడు గడియారం వెనకబడి ఉండవచ్చు. గెస్టుల్లో గడియారాన్ని సరిచేసే ‘క్రోనీ’ వేయండి. హోస్ట్ ఆగేటప్పుడు గెస్టులను సస్పెండ్ చేయకుండా షట్‌డౌన్ చేసేలా ‘లిబ్‌వర్ట్-గెస్ట్స్’ అమరికను మార్చండి.

‘లాక్ దొరకలేదు’ అని వస్తే, ఎక్కువసార్లు వెనక అనటెండెడ్-అప్‌గ్రేడ్స్ నడుస్తూ ఉంటుంది. తప్పులోనే ప్రాసెస్ సంఖ్య ఉంటుంది, అది ముగిసే దాకా ఆగండి. లాక్ ఫైలును చెరిపేయమని చెప్పేవారి మాట వినకండి. మధ్యలో కరెంటు పోయి పని సగంలో ఆగితే ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’, ఆ తర్వాత ‘ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్’.

కాన్ఫిగరేషన్ ఫైలు మార్చాలా, ఉంచాలా అని అడిగితే ‘ఉంచు’ అనండి. కొత్తది ‘.డీపీకేజీ-డిస్ట్’ అనే తోకతో పక్కనే ఉంటుంది, తీరికగా పోల్చుకోవచ్చు.

గెస్ట్‌లో ‘ఆప్ట్ క్లీన్’, ‘ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్’ ఇచ్చి చోటు ఖాళీ చేసినా హోస్ట్ మీద క్యూకౌ2 ఫైలు పరిమాణం తగ్గదు. డిస్క్ నిర్వచనంలో ‘డిస్కార్డ్=అన్‌మ్యాప్’ పెట్టి, గెస్ట్‌లో ‘ఎఫ్‌ఎస్‌ట్రిమ్ -ఏవీ’ నడపండి. అప్పుడే ఆ చోటు హోస్ట్‌కు తిరిగి వస్తుంది.

8. విడుదల మార్చాల్సి వచ్చినప్పుడు

డెబియన్ 12కు దీర్ఘకాల మద్దతు 2028 జూన్ దాకా ఉంది. అంటే సరిగ్గా సీజను నడుస్తుండగా ముగుస్తుంది. 2027 శీతాకాలంలోనే మారడం మేలు. గెస్ట్‌ను ఆపి ‘వర్ట్-క్లోన్’తో నకలు తీసి, ఆ నకలును లేపే ముందే దాని నెట్‌వర్క్ కార్డును బయటికి దారి లేని ప్రత్యేక లిబ్‌వర్ట్ నెట్‌వర్క్‌కు మార్చండి. అలాంటి నెట్‌వర్క్‌లోనూ హోస్ట్‌కు ఒక చిరునామా ఉంటుంది కాబట్టి, నకలులోని 01ప్రాక్సీ ఫైలులో ఆ చిరునామా రాస్తే కాష్ ద్వారా ప్యాకేజీలు వస్తూనే ఉంటాయి. సీరియల్ కన్వర్టర్‌ను నకలు నిర్వచనం నుంచి తీసేయండి. ఇవి చేయకుండా లేపితే ఒకే పేరుతో రెండు కాటా సర్వర్లు ఒకే నెట్‌వర్క్‌లో చీటీలు ఇవ్వడం మొదలుపెడతాయి. నకలు మీద సోర్సుల్లో బుక్‌వర్మ్‌ను ట్రిక్సీగా (డెబియన్ 13 పేరు) మార్చి, ముందు ‘ఆప్ట్ అప్‌గ్రేడ్ --వితౌట్-న్యూ-పీకేజీఎస్’, తర్వాత ‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’ నడపండి. డెబియన్ 13లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 17 ఉంటుంది. పాత 15 క్లస్టర్ (డేటాబేసుల సముదాయం) దానంతట అది మారదు, ‘పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ 15 మెయిన్’ మనమే ఇవ్వాలి. దానికి ఎంతసేపు పట్టిందో నకలు మీదే గడియారం పెట్టి చూసుకోండి. అసలు గెస్ట్‌కు ఎన్ని గంటల విరామం అడగాలో ఫ్యాక్టరీ మేనేజరుకు చెప్పాల్సిన అంకె అదే.